చికాగో సూట్‌కేస్, మా ఊరి గొంగడి

మా మొగుడంపల్లి జహీరాబాద్ పక్కన, కర్ణాటక బార్డర్ మీద ఉంటుంది. పక్కనే కోహీర్. చలికాలంలో తెలంగాణలో తక్కువ టెంపరేచర్ ఎక్కడ అని వార్తల్లో చెప్తే తరచూ వినిపించే పేరు అది. ఆరేడు డిగ్రీలకు పడితే మా దిక్కు పొద్దుగాల మంటలు వేసుకుని కూర్చుంటారు. అందుకే మా పెద్దనాన్న కూతురికి చికాగోలో ఎంఎస్ సీటు వచ్చిందనగానే ఇంట్లో "మనకు సలి కొత్తనా ఏంది" అన్నారు. కొత్తదే. 2019 జనవరి 30న చికాగోలో దాదాపు మైనస్ 30 డిగ్రీలు పడింది.

అక్క వెళ్లేది లోన్ మీద. సర్దే పని నాకు అప్పజెప్పారు, "కంప్యూటర్ల చూసి చెప్పు" అని. ఒక షాపులో పెద్ద జాకెట్ చూపించి పద్నాలుగు వేలు అన్నారు. మైనస్ 20 దాకా ఆగుతుందట. ట్యాగ్ మీద మాత్రం పాలిస్టర్ అని తప్ప ఇంకేం లేదు. పెద్దనాన్న చెరుకు డబ్బుల్లోంచి ఇచ్చేద్దామన్నాడు. నేను ఆపమన్నాను. ఎందుకో చెప్తా, వచ్చే ఏడాది మీలో చాలామందికి ఇదే పని పడుతుంది.

ముందు ఒక విషయం. బట్టలు వేడిని పుట్టించవు. వేడి మన ఒంటిదే, దాన్ని బయటికి పోకుండా ఆపేది బట్టలో ఇరుక్కున్న గాలి. మా ఊళ్లో గొర్రెలు కాసేవాళ్లు గొంగడి కప్పుకుని వానలో కూడా నిలబడతారు, చూసే ఉంటారు. దక్కనీ గొర్రెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పెడతారు. అప్పుడది బిరుసెక్కి గాలిని లోపలికి రానివ్వదు. పైగా ఉన్ని తన బరువులో 30 శాతం దాకా తేమ పీల్చుకున్నా ఒంటికి తడిగా అనిపించదు, వెచ్చదనం అంతగా తగ్గదు. కాటన్ దీనికి పూర్తిగా ఉల్టా. చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది, ఆ తడి ఒంట్లో వేడిని లాగేస్తుంది. మన ఎండకి అది వరం, మంచులో అదే సమస్య. జీన్స్ కూడా కాటనే, మర్చిపోకండి.

కాబట్టి ఒక్క లావు జాకెట్ కంటే మూడు లేయర్లు మేలు. ఓఎస్ఐ మోడల్ లాగే ఒక్కో లేయర్‌కి ఒక్కో పని (ఇక్కడ ఏడు అక్కర్లేదు లెండి). ఒంటిని అంటుకుని థర్మల్స్, చెమటని బయటికి పంపడానికి. దాని మీద ఉన్ని స్వెటర్ గానీ ఫ్లీస్ గానీ, గాలిని పట్టి ఉంచడానికి. అన్నిటికంటే పైన గాలినీ వాననీ ఆపే జాకెట్. ఇది కొంచెం వదులుగా ఉండాలి, లోపలి లేయర్లు నలిగిపోతే వాటిలో గాలి ఉండదు. ఇంకో లాభం, బయట మైనస్ 10 ఉన్నా క్లాస్‌రూమ్‌లో హీటింగ్ వల్ల 20, 21 ఉంటుంది. లేయర్లయితే ఒక్కొక్కటి విప్పుకోవచ్చు. ఒకటే లావు కోటు వేసుకుంటే లోపల చెమట, బయట వణుకు.

గాలిని తక్కువ అంచనా వేయొద్దు. మైనస్ 10లో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 20 లాగా తగులుతుంది. చికాగో సరస్సు ఒడ్డున ఉంది, గాలికి కొదవ లేదు. ఇంకోటి, అమెరికాలో ఫోన్ 20 అని చూపిస్తే అది ఫారెన్‌హీట్. మన లెక్కలో దాదాపు మైనస్ 7.

"మాది డల్లాస్, అక్కడ ఎండలే" అనే సీనియర్లు ఉంటారు. మామూలుగా నిజమే. కానీ 2021 ఫిబ్రవరి 16న డల్లాస్‌లోనూ దాదాపు మైనస్ 19కి పడింది. ఆ వారం టెక్సాస్‌లో లక్షల ఇళ్లకు కరెంట్ పోయింది. హీటర్ లేనప్పుడు పనికొచ్చేది ఒంటిమీద బట్టలే. ఐర్లాండ్ వెళ్లేవాళ్ల లెక్క వేరు. మంచు తక్కువ, వాన ఎక్కువ, ఒక్క రోజులోనే ఎండా వానా గాలీ అన్నీ వస్తాయి. ఆ గాలికి గొడుగు తిరగబడుతుంది. హుడ్ ఉన్న వాటర్‌ప్రూఫ్ జాకెట్ కొనుక్కోండి.

ఇక ఏది ఇక్కడ కొనాలి, ఏది అక్కడ? మా గొడవంతా ఇక్కడే. అమెరికాకి సాధారణంగా 23 కిలోల బ్యాగులు రెండు (టికెట్ చూసుకోండి, అన్నిటికీ ఒకేలా ఉండదు). అందులో పెద్దమ్మ ఆవకాయకే ఆరు కిలోలు పోయింది, దాని గురించి మాట్లాడే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. అక్క దిగేది ఆగస్టులో, అప్పుడు చికాగోలో ఎండాకాలమే. అసలు చలికి ఇంకా టైం ఉంది. అందుకని థర్మల్స్ రెండు జతలు, ఉన్ని సాక్సులు, చలికాలంలో హైదరాబాద్‌లో టిబెటన్లు అమ్మే స్వెటర్లలో ఒకటి, ఒక ఫ్లీస్, ఉన్ని టోపీ, మఫ్లర్ ఇక్కడివి. పెద్ద కోటు, మంచు బూట్లు అక్కడ. అక్కడి చలికి తయారైనవి అక్కడే దొరుకుతాయి, నవంబర్ చివర్లో డిస్కౌంట్లు వస్తాయి, పాత బట్టల దుకాణాల్లో ఇంకా చవక. చదువైపోయి వెళ్లిపోయే సీనియర్లు ఇచ్చేస్తారు కూడా.

జనవరి ఇన్‌టేక్ వాళ్లకి ఈ సలహా పనికిరాదు. ఎయిర్‌పోర్ట్ తలుపు దాటగానే చలి, కాబట్టి జాకెట్ ఇక్కడే కొని ఒంటిమీద వేసుకునే విమానం ఎక్కండి. బ్యాగులో బరువు కూడా తగ్గుతుంది. బూట్లు ఎక్కడ కొన్నా అర సైజు పెద్దవి తీసుకోండి, లావు సాక్సులు పట్టాలి. అడుగు నున్నగా ఉన్నవి వద్దు, రోడ్డు మీద అద్దంలా గడ్డకట్టిన మంచు కంటికి కనిపించదు. ఉన్నివి మాత్రం డ్రయ్యర్లో వేయకండి, మీ స్వెటర్ మీ తమ్ముడికి సరిపోతుంది.