దినవారీ క్షేత్ర పరిశీలనలలో చలరాశుల విభాజనం: ప్రత్తి గులాబీ రంగు పురుగు ఉదాహరణగా

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ వంటి ఏజెన్సీ మండలాలలో ప్రత్తి ప్రధానంగా వర్షాధారపు పంట. ఇటువంటి చోట ఒకే క్షేత్రాన్ని పంటకాలమంతా రోజువారీగా కొలిచే పరిశీలనలకు విలువ ఎక్కువ. అయితే పోగైన అంకెలకు వెంటనే సగటు కట్టి, ప్రామాణిక విచలనం చేర్చి పట్టికలో పెట్టడం పరిపాటిగా మారింది. విభాజనపు ఆకృతిని, కాలక్రమాన్ని చూడని సగటు సలహాను తారుమారు చేయగలదు.

లింగాకర్షక బుట్టలో రాత్రికి 8 చొప్పున గులాబీ రంగు పురుగు తల్లి రెక్కల పురుగులు వరుసగా 3 రాత్రులు పడితే సస్యరక్షణ చేపట్టాలన్నది సిఫారసు. ఊహాత్మకంగా రెండు క్షేత్రాలను తీసుకుందాం. ఏడు రాత్రుల లెక్క మొదటిదానిలో 2, 3, 9, 10, 11, 2, 1; రెండవదానిలో 14, 1, 15, 2, 13, 1, 12. సగటులు వరుసగా 5.4, 8.3. సగటును నమ్మితే రెండవ రైతు మందు కొడతాడు, మొదటి రైతు ఆగుతాడు. నిజానికి హద్దు దాటింది మొదటి క్షేత్రమే. రెండవదానిలో వరుసగా రెండు రాత్రులైనా హద్దు చేరలేదు. పైగా 8కి దరిదాపు విలువ ఒక్కటీ లేదు. విలువలు రెండు గుంపులుగా చీలినచోట సగటు ఏ రాత్రికీ చెందని అంకె.

పురుగుల లెక్కలకు సామాన్య విభాజనం సాధారణంగా నప్పదు. పాయిజాన్ విభాజనంలో విస్తృతి సగటుకు సమానం. పురుగులు గుంపులుగా ఉంటాయి కనుక విస్తృతి తరచుగా సగటును మించుతుంది, అప్పుడు రుణ ద్విపద విభాజనం మేలు. దినసరి వర్షపాతంలో సున్నాలే అధికం. వాన పడిందా, పడితే ఎంత అని రెండు ప్రశ్నలుగా విడదీయడం ఉచితం.

ఇక్రిశాట్ 1975లో మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లితో సహా కొన్ని గ్రామాలలో ఆరంభించిన అధ్యయనంలో గ్రామానికి 40 కుటుంబాలను పదే పదే ప్రశ్నించారు. ఇటువంటి దత్తాంశంలో కుటుంబానికీ కుటుంబానికీ ఉండే తేడా వేరు, ఒకే కుటుంబంలో కాలానుగుణంగా వచ్చే మార్పు వేరు. నేటి విలువ నిన్నటి విలువను పోలి ఉంటుంది కూడా. కనుక 40 మంది రైతులను 100 రోజులు కొలిస్తే 4000 స్వతంత్ర పరిశీలనలు కావు.

వాగు పొంగి గూడేనికి చేరలేని రోజున గడిని ఖాళీగా ఉంచి కారణం రాయాలి. 9, ఖాళీ, 10 అన్న వరుసలో ఖాళీ బదులు సున్నా వేస్తే, ఆ రాత్రి పురుగే పడలేదని తేల్చినట్లవుతుంది. హద్దు దాటి ఉండవచ్చునన్న అనుమానానికే తావుండదు.