పెద్దజాతి కుక్కపిల్ల, ఇంటి పసిబిడ్డ: అపోహలు – వాస్తవములు

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడలలో యంత్రములు రాత్రింబవళ్ళు తిరుగుచుండగా, అమీన్‌పూర్, ఇస్నాపూర్ చుట్టుపట్ల కొత్తగా వెలసిన వెంచర్లలో ఇండ్లు ఇంకను ఎడమెడముగానే నిలిచియున్నవి. నైట్ షిఫ్టునకు పోవు తండ్రి, ఇంటనున్న భార్యాబిడ్డలకు కాపుగా నుండునని ఒక ల్యాబ్రడార్‌నో, జర్మన్ షెపర్డ్‌నో తెచ్చుట ఇచ్చట వింత కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుడు వీధికుక్కల పాలైన పిమ్మట వీధి భయము మరింత హెచ్చినది. అయితే వీధివంకనే చూచుచున్న మన కన్ను, ఇంటిలో పెరుగుచున్న కుక్కపళ్ళ సంగతి తరచు మరచుచున్నది.

“చిన్న పిల్లే గద, ఏం జేస్తది?” అనునది మొదటి అపోహ. కుక్కపిల్లకు మొలచు పాలపళ్ళు 28. అవి సన్ననివి, మిక్కిలి మొనదేరినవి. నాలుగవ మాసము మొదలు అవి రాలుచు, ఏడవ మాసము నాటికి 42 పళ్ళు నిండును. ఆరు మాసముల ల్యాబ్రడార్ 20 కిలోలు దాటుట సామాన్యము. నాలుగేండ్ల బిడ్డ తూగునది సుమారు 16 కిలోలు. సాయంకాలము వాకిట పరుగెత్తు పాప పావడ అంచు దాని నోట చిక్కినదనుకొనుడు. పాప గుంజును, గుడ్డ బిగిసిన కొలది కుక్కపిల్లకు ఉత్సాహము పెరుగును, పాప కెవ్వుమని చేతులు విదిలించి పరుగందుకొనగా, గుడ్డపైనుండిన పళ్ళు పిక్కపైకి వచ్చును. ఇందు పాపకు దోషము లేదు, కుక్కకు ద్వేషము లేదు. కావున బిడ్డకు నేర్పవలసినది పరుగెత్తుట కాదు. చేతులు ముడుచుకొని, చూపు దించి, చెట్టువలె నిలుచుట.

“నాలుగు దెబ్బలేస్తే దానికే బుద్ధొస్తది” అనునది అన్నిటికంటె ప్రమాదకరమైన నమ్మకము. గుర్రుమనుట కుక్క చేయు హెచ్చరిక. అందుకై దెబ్బలు తిన్న కుక్క గుర్రుమనుట మానును గాని, దాని లోపలి భయము మానదు. అట్టిది ఒకనాడు హెచ్చరింపకయే కరచును. తల్లియొద్ద నున్నంత కాలము తోడి పిల్లలను గట్టిగా కరచినపుడెల్ల అవి కుయ్యిమని ఆట విడిచిపోవుటచే, దవడను ఎంత బిగింపవచ్చునో కుక్కపిల్ల దెబ్బలు లేకయే తనంతట నేర్చుకొనును. ఎనిమిది వారములు నిండకముందే కొని తెచ్చిన పిల్లకు ఆ పాఠము సగములోనే తెగిపోవును గనుక, దానిని మనమే పూర్తిచేయవలెను: పన్ను తగిలిన తక్షణమే, కేకలు లేక, పెద్దవారు బిడ్డను చేయి పట్టుకొని తలుపావలికి కొనిపోయి, నిమిషమైన తరువాత తిరిగివచ్చి, తడిపి ఫ్రిజ్‌లో చల్లబరచిన ముడిగుడ్డ కుక్కపిల్ల నోటికందీయవలెను. బిడ్డ నేల మీద ఆడునంతసేపు కుక్కపిల్లకు తేలికపాటి పగ్గము కట్టి, దాని కొస పెద్దల పాదము క్రింద నుంచుట మరియు మేలు. అయితే ఇంటివారందరు ఒక్కటే రీతిగా నడువనిదే ఇది సాగదు. డ్యూటీ దిగివచ్చిన బాబాయి వట్టి చేతులతో దానితో కుస్తీ పట్టుచుండగా, బాబాయి చేయి ఆటవస్తువై పాప చేయి మాత్రము కాకపోవుట ఆ మూగజీవికి ఎట్లు తెలియును?

అలసిపోవువరకు ఆడనిచ్చిన నెమ్మదించునన్నమాటయు నిజము కాదు. కుక్కపిల్లకు దినమునకు సుమారు 18 గంటల నిద్ర కావలెను. నిద్ర చాలని పిల్ల మరింత కరచును. బి షిఫ్టు ముగించి రాత్రి పదిన్నరకు తండ్రి వచ్చు వేళ, నిద్ర లేని కుక్కపిల్ల, నిద్ర లేని బిడ్డ కలిసి ఆడు ఆట ఆ దినమున అతి ప్రమాదకరమైనది. తోక ఊపుటయు సంతోషమునకే కాదు. ఒడలు బిగిసి, కంటి తెల్లగ్రుడ్డు కనబడునట్లు ఓరగా చూచు కుక్క తోక ఊపుచున్నను బిడ్డను దూరము చేయవలెను.

“ఇంటి కుక్కే, పంటి గీతే” అని కారమో సున్నమో పూయుట ప్రాణాంతకము. రేబీస్ టీకా సాధారణముగా కుక్కపిల్లకు మూడు మాసములు నిండిన గాని మొదలు కాదు. విచక్షణ లేక కరచుట ఆ వయస్సులోపుననే మొదలగును. చర్మము గీచుకొన్నంత మాత్రముననే ధారగా పడు నీటిక్రింద 15 నిమిషములు సబ్బుతో కడిగి, ఆసుపత్రికి పోవలెను. నెత్తురు వచ్చినచో టీకాతోపాటు గాయమునందు ఇమ్యునోగ్లోబులిన్ అను మందు కూడ ఇత్తురు. బొడ్డు చుట్టు 14 సూదులని అవ్వలు భయపడుదురు గాని, ఆ పాత మందు తయారీ 2004లోనే మన దేశమున నిలిచిపోయినది. ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా ఇచ్చు నేటి టీకా చేతి పైభాగమున, మొదటి దినమును సున్నగా లెక్కించి 0, 3, 7, 28వ దినములలో పడును. 28వ దినము నాటికి గీత మాసి, తండ్రి షిఫ్టు మారి, ఆ సంగతి ఇంట మరుపునబడుట సులభము గనుక, మొదటి సూదినాడే గోడ క్యాలెండరులో ఆ తేదీని గుర్తుపెట్టుకొనవలెను.