రెండు అంగుళాల ఎత్తు: లిఫ్ట్ కిట్ బిగించే ముందు చూడవలసిన లెక్కలు

2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి దాదాపు 9 లక్షల క్యూసెక్కుల నీటిని తాపీ నదిలోకి వదిలినప్పుడు సూరత్ నగరంలో అధిక భాగం నీట మునిగింది. రాందేర్, అడాజణ్ ప్రాంతాలలో ఇళ్ల ముందు నిలిపిన వాహనాలు పైకప్పుల వరకూ నీళ్లలో ఉండిపోయాయి. అంతటి వరద మళ్లీ రాకపోయినా, వర్షాకాలంలో మిఠీ ఖాడీ పొంగడం, లింబాయత్ వీధులలోకి నీరు చేరడం నగరవాసులకు అలవాటైన విషయమే. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి మగ్గాల పని కోసం వలస వచ్చిన తెలుగు పద్మశాలి కుటుంబాలు దశాబ్దాలుగా స్థిరపడినది ఈ లింబాయత్, దాని చుట్టుపక్కల పేటలలోనే.

మగ్గం దగ్గర కూర్చున్న తరం సైకిళ్లతో సరిపెట్టుకుంటే, వ్యాపారాలలోకి దిగిన తరువాతి తరం వాకిట్లో థార్, జిమ్నీ వంటి నాలుగు చక్రాల చోదనం గల వాహనాలు కనిపించడంలో వింత లేదు. వానల్లో వీధి దాటాలన్న అవసరం ఒకవైపు, సెలవు రోజున వఘాయి, ఆహ్వా మీదుగా సాపుతారా కొండలకు వెళ్లాలన్న సరదా మరొకవైపు. ఈ రెండింటి నడుమ వాహన యజమానికి తొలుత తట్టే ఆలోచన బండిని మరో రెండు అంగుళాలు పైకి లేపడం. అందుకోసం అమ్మే సామగ్రినే లిఫ్ట్ కిట్ అంటారు. దాన్ని ఎంచుకోవడం డబ్బుతో తేలే విషయం కాదు. కొంత యంత్రశాస్త్రం, కొంత చట్టం, మరికొంత కుటుంబ అవసరాలు ఇందులో కలగలిసి ఉన్నాయి.

ముందుగా ఒక అపోహ. లిఫ్ట్ కిట్ వేస్తే గ్రౌండ్ క్లియరెన్స్ రెండు అంగుళాలు, అంటే సుమారు 50 మిల్లీమీటర్లు పెరుగుతుందని చాలామంది నమ్మకం. అది సగమే నిజం. జిమ్నీకి ముందూ వెనకా, 2020 నుంచి వస్తున్న థార్‌కు వెనుక భాగంలో ఉన్నది రెండు చక్రాలను కలిపే గట్టి ఇరుసు. ఆ ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బినట్టు కనిపించే డిఫరెన్షియల్ గుల్లే వాహనం అడుగున నేలకు అతి దగ్గరగా ఉండే భాగాలలో ఒకటి. స్ప్రింగు ఇరుసుకూ చాసిస్‌కూ మధ్యన ఉంటుంది కనుక, పొడవైన స్ప్రింగు వేస్తే చాసిస్, బాడీ మాత్రమే లేస్తాయి. ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. దారి మధ్యలో పొడుచుకు వచ్చిన బండరాయి లిఫ్ట్‌కు ముందు తగిలితే లిఫ్ట్ తరువాత కూడా తగులుతుంది.

ఇరుసును పైకి లేపగలిగేది టైరు ఒక్కటే. అదీ వ్యాసంలో పెరిగినదానిలో సగం మేరకే. జిమ్నీకి కంపెనీ ఇచ్చే 195/80 ఆర్15 టైరు వ్యాసం లెక్కప్రకారం 693 మిల్లీమీటర్లు. దాని స్థానంలో ఔత్సాహికులు కోరుకునే 235/75 ఆర్15 టైరు వేస్తే వ్యాసం 733.5 మిల్లీమీటర్లు అవుతుంది. తేడా 40 పైచిలుకు; ఇరుసు లేచేది 20 మిల్లీమీటర్లు. దీనికి చెల్లించే మూల్యం కూడా ఉంది. చక్రం చుట్టుకొలత దాదాపు 5.8 శాతం పెరుగుతుంది కాబట్టి స్పీడోమీటరు మునుపటికంటే తక్కువ చూపుతుంది. పాత టైర్లతో సరిగ్గా 80 చూపే మీటరు కొత్త టైర్లతో అదే 80 చూపుతున్నప్పుడు బండి నిజంగా 84కు పైగా వేగంతో పోతుంటుంది. బరువైన టైరును తిప్పడానికీ ఆపడానికీ ఇంజను, బ్రేకులు ఎక్కువ శ్రమ పడతాయి.

మరి లిఫ్ట్ వల్ల ప్రయోజనం లేదా? ఉంది. పెద్ద టైరు చక్రపు గూటికి రాసుకోకుండా చోటు దొరుకుతుంది. ముందు బంపరు గట్టుకు తగలకుండా ఎక్కగలిగే కోణం, వెనుక బంపరు తగలకుండా దిగగలిగే కోణం, రెండు చక్రాల మధ్యన పొట్ట తగలకుండా మిట్ట దాటగలిగే కోణం మెరుగుపడతాయి. సాపుతారా పరిసరాల మట్టిబాటలలో వాన కోతకు ఏర్పడిన గాడులను దాటేటప్పుడు ఈ మూడో కోణమే ఎక్కువగా అక్కరకు వస్తుంది.

ఇక కిట్లలో రకాలు. అన్నిటికంటే చవకైనది స్పేసర్. ఉన్న స్ప్రింగు మీదో కిందో రబ్బరు లేదా లోహపు బిళ్ల పెట్టి ఎత్తు పెంచుతారు. స్ప్రింగు పాతదే, షాకబ్జరూ పాతదే. ఎత్తు మారిందే తప్ప సస్పెన్షన్ గుణం మారలేదన్నమాట. పైగా షాకబ్జరు సాగగలిగే పొడవు అంతే ఉండటం వల్ల, చక్రం గుంతలోకి దిగినప్పుడు అది ముందుగానే చివరికంటా సాగి తటాలున ఆగుతుంది. గరుకు దారిలో చక్రం నేలను వదలకుండా పట్టుకోవడమే సస్పెన్షన్ పని. స్పేసర్ తరచుగా చేసేది దానికి విరుద్ధం. బాడీ లిఫ్ట్ అనే మరో పద్ధతిలో చాసిస్‌కూ బాడీకీ మధ్యన దిమ్మెలు పెడతారు. దానితో పెద్ద టైరుకు చోటు దొరుకుతుందే గాని చాసిస్ ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. కమాన్ కట్టలున్న పాత జీపులకు అదనపు పట్టీ చేర్చడమో, పొడవైన షాకిలు వేయడమో పాత వర్క్‌షాపులలో ఎప్పటినుంచో ఉన్న వాడుక.

సరైన కిట్ అంటే వాహనం బరువుకు తగిన స్ప్రింగులు, వాటి పొడవుకు తగిన షాకబ్జర్లు కలిసి వచ్చేది. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. స్ప్రింగుకు ఎత్తు కంటే ముఖ్యమైనది కాఠిన్యం. ముందు ఇనుప బంపరు, వించి బిగించిన బండికోసం తయారైన స్ప్రింగును ఖాళీ బండికి వేస్తే ఎత్తు చెప్పినదానికంటే ఎక్కువ వస్తుంది. ప్రయాణం మాత్రం రాతి బండ మీద కూర్చున్నట్టు ఉంటుంది. అందుకే కిట్ కొనే ముందు బండిని, రోజూ ఎంత సామానుతో, ఎంతమంది మనుషులతో తిరుగుతుందో అలాగే నింపి, తూకపు కాటా మీద ముందు చక్రాలను ఒకసారి, వెనుక చక్రాలను ఒకసారి తూచి చూడటం మంచిది. బట్టల బేళ్ల లారీలు బారులు తీరే సూరత్‌లో కాటాలకు కొదవ లేదు. ఆ రెండు అంకెలు చేతిలో ఉంటే ఏ స్ప్రింగు కావాలో అమ్మేవాడు చెప్పాలి. చెప్పలేకపోతే మరో దుకాణం చూసుకోవడమే మేలు.

ఎత్తు పెరిగినకొద్దీ మిగతా కొలతలు ఒక్కొక్కటిగా తప్పుతాయి. గట్టి ఇరుసున్న వాహనంలో ఇరుసును పట్టి ఉంచే కడ్డీలు కిందికి వాలి, స్టీరింగుకు సంబంధించిన క్యాస్టర్ కోణం తగ్గుతుంది. ఆ కోణం తగ్గితే మలుపు తిప్పిన తరువాత స్టీరింగు తనంతట తాను మధ్యకు రాదు. హైవే మీద బండి అటూ ఇటూ తేలుతున్నట్టు అనిపిస్తుంది. ఇరుసును అడ్డంగా పట్టి ఉంచే పాన్‌హార్డ్ కడ్డీ వల్ల ఇరుసు కొద్దిగా ఒక పక్కకు జరుగుతుంది. బ్రేకు గొట్టాలు బిగిసిపోతాయి. ముందు భాగంలో స్వతంత్ర సస్పెన్షన్ ఉన్న థార్ వంటి వాహనంలో చక్రాలకు శక్తినందించే షాఫ్టుల వాలు పెరిగి, కీళ్లమీది రబ్బరు తొడుగులు త్వరగా చిరుగుతాయి. రెండు అంగుళాల లోపు ఎత్తుకు వీటిలో చాలావరకు చిన్న సవరణలతో సర్దుకుంటాయి. మూడు, నాలుగు అంగుళాలకు పోతే కడ్డీలు, గొట్టాలు, షాఫ్టులు అన్నీ మార్చుకుంటూ పోవాలి. అప్పుడు కిట్ ధర ఖర్చులో మొదటి వాయిదా మాత్రమే.

అన్నిటికంటే బరువైన లెక్క బోల్తాకు సంబంధించినది. అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ వాహనాల బోల్తా ప్రమాదాన్ని అంచనా వేయడానికి ఒక సులభ సూత్రం వాడుతుంది. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరాన్ని గురుత్వ కేంద్రపు ఎత్తుకు రెట్టింపుతో భాగిస్తారు. ఫలితం ఎంత చిన్నదైతే బోల్తా అంత సులభం. ఉదాహరణకు చక్రాల మధ్య 1500 మిల్లీమీటర్లు, గురుత్వ కేంద్రం 700 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్న బండికి ఈ అంకె 1.07. లిఫ్ట్ తరువాత గురుత్వ కేంద్రం 45 మిల్లీమీటర్లు లేచిందనుకుంటే అది 1.01కి దిగుతుంది. చూడటానికి చిన్న తేడా. సాపుతారా ఘాట్ మలుపులో ఎదురుగా అడ్డువచ్చిన పశువును తప్పించడానికి స్టీరింగును ఒక్కసారిగా తిప్పినప్పుడు, వెనుక సీటులో పిల్లలు ఉన్నప్పుడు అది చిన్నది కాదు.

నీటి సంగతికి వస్తే, మొదటగా బండిని ఎత్తాలనిపించిన కారణమే ఇక్కడ బలహీనపడుతుంది. థార్‌కు కంపెనీ చెప్పే నీటిలో నడిచే లోతు 650 మిల్లీమీటర్లు. నిలకడగా ఉన్న నీటికి, నెమ్మదైన నడకకు చెప్పిన మాట అది. కదులుతున్న నీరు వేరు. సుమారు ఒక అడుగు లోతు ప్రవాహం మామూలు కార్లను, రెండడుగుల ప్రవాహం పెద్ద వాహనాలను సైతం ఈడ్చుకుపోగలదని అమెరికా వాతావరణ శాఖ ప్రజలను హెచ్చరిస్తూ వస్తోంది. ఖాడీ పొంగినప్పుడు రోడ్డు ఎక్కడ ముగిసిందో, కాలువ ఎక్కడ మొదలైందో పైనుంచి చూసి పోల్చుకోలేరు. రెండు అంగుళాల స్ప్రింగు అక్కడ చేయగలిగింది స్వల్పం. దాని వల్ల వచ్చే ధీమాయే ఎక్కువ ప్రమాదం.

బురదకూ ఇదే వర్తిస్తుంది. 2025 జులైలో డుమస్ సముద్రతీరానికి వాహనం తీసుకువెళ్లకూడదన్న నిషేధాన్ని కాదని దింపిన ఒక ఖరీదైన విదేశీ కారు అక్కడి బురదలో కూరుకుపోయిన దృశ్యాలు దేశమంతా చూసింది. ఖంభాత్ సింధుశాఖ తీరంలో ఆటుపోట్ల తేడా చాలా ఎక్కువ. పైకి గట్టిగా కనిపించే నల్లని ఇసుక కింద మెత్తని ఒండ్రు ఉంటుంది. అటువంటి నేలలో చక్రం దిగబడేది బరువు వల్ల. బండి ఎత్తుకు అందులో పాత్ర తక్కువ. అనుమతి ఉన్న ఇసుక దారులలో టైర్ల గాలిని 15 నుంచి 18 పీఎస్ఐ వరకు తగ్గించి నెమ్మదిగా నడపడం ఏ లిఫ్ట్ కిట్ కంటే ఎక్కువ మేలు చేస్తుంది. దానికి అయ్యే ఖర్చు గాలి కొలిచే గేజీ, తిరిగి నింపుకునే చిన్న పంపు మాత్రమే.

చట్టం ఏమంటున్నదన్న ప్రశ్న చాలా దుకాణాలలో వినిపించదు. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. కేరళకు చెందిన ఒక కేసులో 2019 జనవరి 9న తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టంలోని 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ ఈ మార్పులను కారణంగా చూపి పరిహారంపై అభ్యంతరం లేవనెత్తే అవకాశం కూడా ఉంటుంది. కనుక డబ్బు చెల్లించే ముందే ప్రాంతీయ రవాణా కార్యాలయంలోనూ, బీమా సంస్థలోనూ లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. కేవలం మూసివున్న ప్రైవేటు ట్రాక్‌లలో పోటీల కోసం బండి తయారు చేసుకునేవారు దానిని ట్రైలరు మీద తరలిస్తుంటారు. రోజూ పిల్లలను బడికి దింపే వాహనానికి ఆ వెసులుబాటు లేదు.

ఎత్తు పెంచడం అవసరమేనా అని తేల్చుకోవడానికి ఇంట్లో ఒక చిన్న పరీక్ష ఉంది. మార్పు చేసిన అదే మోడల్ బండి ఒకటి ఎక్కడైనా దొరికితే, ఇంట్లోని పెద్దవాళ్లను ఒకసారి ఎక్కించి దింపి చూడాలి. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని ఆ ఎత్తు ఎక్కలేకపోతే, కిట్‌తో పాటు అడుగు మెట్టు కూడా కొనాలి. ఆ మెట్టు మళ్లీ కిందికి వేలాడి, డబ్బిచ్చి పెంచుకున్న ఎత్తులో కొంత తినేస్తుంది.

అనుమతుల సంగతి తేల్చుకుని బిగించాలనే నిర్ణయించుకున్నవారు వర్క్‌షాపులో దగ్గరుండి చూడవలసినవి కొన్ని ఉన్నాయి. కడ్డీల చివరి రబ్బరు బుష్‌ల బోల్టులను బండి జాకీ మీద వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేలకు ఆని, బరువు పడిన తరువాతే చివరి బిగింపు ఉండాలి. లేకపోతే బుష్ మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోయి త్వరగా చీలుతుంది. ఆ వెంటనే వీల్ అలైన్‌మెంట్ చేయించి, కోణాల ముద్రిత చీటీ తీసుకోవాలి. హెడ్‌లైట్లను కిందికి సరిచేయించాలి. ఎత్తు పెరిగిన దీపాలు ఎదుటివారి కళ్లలోకే కొడతాయి. 500 నుంచి 1000 కిలోమీటర్ల మధ్యన బోల్టులన్నీ మరొకసారి బిగింపు చూపించుకోవాలి. విప్పిన పాత స్ప్రింగులు, షాకబ్జర్లను పాత ఇనుముకు వేయకుండా నూనె రాసి, గోనెలో చుట్టి అటక మీద దాచుకోవాలి. బండి అమ్మినప్పుడో, 15 ఏళ్లకు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు తనిఖీకి తీసుకువెళ్లినప్పుడో వాటి అవసరం పడవచ్చు.