చీటీ ఉన్నా గోలీలు ఇయ్యనంటే ఏం చెయ్యాలె?

డాక్టర్ రాసిన చీటీ చేతిల ఉంటది, పైసలు జేబుల ఉంటయి. అయినా మెడికల్ షాపాయన "ఇది ఇయ్యం" అంటడు. మనకు చర్రున కోపమొస్తది. "డాక్టర్ కన్న నీకు ఎక్వ తెలుసా?" అని లొల్లి పెట్టుకుంటం. కానీ ఆయన కాదన్నప్పుడల్లా తప్పు చేస్తున్నట్టు కాదు. కొన్నిసార్లు ఆయన కాదనాల్సిందే, ఇస్తేనే నేరం. ఇంకొన్నిసార్లు కాదనే హక్కే ఆయనకు లేదు. ఈ తేడా మనకు తెలిసి ఉండాలె. ఎందుకంటే ఇది ఒక్కోసారి ప్రాణాల మీది ముచ్చట.

ఏది చీటీ, ఏది కాదు

మందుల అమ్మకానికి 1940ల చట్టం, 1945ల నియమాలు వచ్చినయి. వాటిల షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ అని మందుల పట్టీలున్నయి. ఈ పట్టీల ఉన్న మందులు చీటీ లేకుండ అమ్మొద్దు. ఆ చీటీ మీద డాక్టర్ సంతకం, తేదీ, రోగి పేరు, చిరునామా ఉండాలె. మందు ఎంత ఇయ్యాలె, ఎంత మోతాదుల వేసుకోవాలె అన్నది కూడా రాసి ఉండాలె. ఇవి లేకపోతే చట్టం లెక్కల అది ఉత్త కాగితమే.

ఇక్కడే మన ఊర్లల్ల ఒక పెద్ద గందరగోళం ఉన్నది. చట్టంల "ఆర్ఎంపీ" అంటే వైద్య మండలిల పేరు నమోదైన డాక్టర్. మన ఊర్లె "ఆర్ఎంపీ" అంటే బండి మీద వచ్చి సూది వేసిపొయ్యేటాయన. అక్షరాలు అవే, అర్థం పూరా వేరు. ఊరి ఆర్ఎంపీ తెల్ల కాగితం మీద యాంటిబయాటిక్ రాసిస్తే, ఫార్మసిస్టు ఇయ్యనన్నడంటే ఆయన చట్టం ప్రకారమే నడుస్తున్నట్టు.

పాత చీటీల ముచ్చట కూడా ఇంతే. డాక్టర్ ప్రత్యేకంగ రాయకపోతే ఈ పట్టీల మందులకు ఒక చీటీ మీద ఒక్కసారే మందు ఇయ్యాలె. ఇచ్చినంక షాపు పేరు, తేదీ చీటీ మీదనే రాయాలె. బీపీ గోలీల లెక్క నెలనెలా వాడేటివి ఉంటే, దవాఖానల ఉన్నప్పుడే "ఇన్ని సార్లు ఇయ్యొచ్చు" అని డాక్టర్‌తోని రాయించుకోండ్రి. భువనగిరి నుంచి బీబీనగర్ ఎయిమ్స్‌కు మళ్లమళ్ల తిరిగే పని తప్పుతది.

నిద్ర గోలీ కథ

అల్ప్రాజోలం పేరు మన దిక్కు చాలామంది విన్నదే. కల్తీ కల్లుల కలిపేది అదే. 2025 జులైల హైదరాబాద్ కూకట్‌పల్లి దిక్కు కల్తీ కల్లు తాగి మనుషులు సచ్చిపోయిండ్రు, ఆ కల్లుల అల్ప్రాజోలం బయటపడ్డది. 2015ల కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాలల్ల ఇంకో బాధ కనవడ్డది. మత్తుకు అలవాటైన పానం ఒక్కసారిగ అది అందకపొయ్యేసరికి, వణుకుడు, పిచ్చిపిచ్చిగ మాట్లాడుడు మొదలై మస్తు మంది దవాఖానల పాలయిండ్రు.

ఈ గోలీ షెడ్యూల్ హెచ్1ల ఉన్నది. 2014 మార్చి నుంచి అమల్లకొచ్చిన పట్టీ ఇది. నొప్పికి వాడే ట్రామడాల్, టీబీ మందులు, పెద్ద యాంటిబయాటిక్స్ గూడ ఇండ్లనే ఉన్నయి. ఇవి అమ్మితే రాసిన డాక్టర్ పేరు, రోగి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చిండ్రు అన్నది వేరే రిజిస్టర్ల రాసి 3 ఏండ్లు దాచిపెట్టాలె. అందుకే ఫార్మసిస్టు పేరు అడిగితే అది ఆరా తీసుడు కాదు, ఆయన డ్యూటీ.

వాట్సప్‌ల వచ్చిన చీటీ సంగతేంది? 2020 మార్చిల వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఫోన్ల చూసి చీటీ పంపుడు చెల్లుతది. కానీ మత్తుమందుల చట్టం కిందికొచ్చే మందులు అట్ల రాయొద్దు. అల్ప్రాజోలం ఆ చట్టం కిందికే వస్తది. కాబట్టి ఫోన్ల చీటీ చూపెట్టి నిద్ర గోలీలు అడిగితే దొరకవు, దొరకొద్దు కూడా.

అయితే ఒక్క మాట. ఈ గోలీకి అలవాటు పడ్డ మనిషికి "లేదు పో" అని చేతులు దులుపుకునుడు కూడా సరికాదు. ఒక్కసారిగ బందైతే ఫిట్స్ రావొచ్చు, ప్రాణం పోవచ్చు. ఇంట్ల అసొంటోళ్లు ఉంటే దుకాణాల సుట్టు తిప్పకుండ్రి, దవాఖానకు తీస్కపోండ్రి. డాక్టర్ మోతాదు మెల్లమెల్లగ తగ్గిస్తడు. వ్యసనం మాన్పించే సాయం కోసం 14446కు ఫోన్ చెయ్యొచ్చు.

చీటీల తప్పు ఉంటే

డాక్టర్ కూడా మనిషే, తప్పు రాయొచ్చు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ అనే గోలీ రాస్తరు. అది వారానికి ఒక్కసారి వేసుకునేది. పొరపాటున "రోజూ" అని పడితే ప్రాణం మీదికొస్తది. 4 ఏండ్ల లోపు పిల్లలకు క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు సిరప్ వాడొద్దని 2023 డిసెంబర్ల కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. అసొంటి చీటీ వస్తే ఫార్మసిస్టు ఆగాలె. ఆగి డాక్టర్‌కు ఫోన్ చేసి అడగాలె. సొంతంగ మార్చొద్దు. అసలు ఈ పట్టీల మందులకు, రాసింది లేదని వేరే కంపెనీది అంటగట్టుడు కూడా నియమాలు ఒప్పుకోవు.

ఈ తప్పులు పట్టాలంటే చదువుకున్న ఫార్మసిస్టు దుకాణంల ఉండాలె. 1948ల ఫార్మసీ చట్టం చెప్పేది అదే. సర్టిఫికెట్ గోడకు, మనిషి ఇంకెక్కడనో, కౌంటర్ల పనికి కుదిరిన పోరడు. ఇట్లుంటే చీటీల తప్పును పట్టేదెవరు?

ఏ కారణంతోని కాదనొద్దు

ఫార్మసిస్టుల కోసం 2015ల వచ్చిన నిబంధనలు ప్రతి చీటీకి మందు ఇయ్యాల్సిందే అని కట్టేయలేదు. కానీ ఆపదల సాయం అడిగితే ముందుకు రావాలన్నయి. ఇంకో దిక్కు, కులం చూసి సామాను ఇయ్యకపోతే 1955ల పౌర హక్కుల రక్షణ చట్టం కింద నేరం. హెచ్ఐవీ ఉన్నదని వైద్య సేవలు ఇయ్యకపోవుడు 2017ల చట్టం ప్రకారం వివక్ష. పెండ్లి కాని పిల్ల వచ్చిందనో, మొఖం నచ్చలేదనో చీటీ వాపసిచ్చుడు ఫార్మసిస్టు పని కాదు. ఆయన చూడాల్సింది చీటీని, మందును. మనిషి నడతను కాదు.

కాబట్టి ఈసారి "ఇయ్యం" అంటే గొంతు పెంచకుండ్రి. మూడు మాటలు అడగుండ్రి. మీరు ఫార్మసిస్టేనా? ఎందుకు ఇయ్యరు? నేనిప్పుడు ఎటు పోవాలె? కారణం మందుల ఉంటే, చీటీల ఉంటే ఆయన సూటిగ చెప్తడు, డాక్టర్ తానకు తోలుతడు. జవాబు చెప్పకపోతే, లేదంటే చీటీ లేకుండనే మత్తు గోలీలు అమ్ముతుంటే, తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగానికి 1800-599-6969 నంబర్‌కు చెప్పుండ్రి.

అడగంగనే అన్నీ ఇచ్చేటాయన మంచోడని, కాదనేటాయన చెడ్డోడని మన లెక్క. మందుల కాడ ఈ లెక్క పనికిరాదు. బిస్కెట్ పుడ అమ్మినట్టు గోలీలు అమ్మే దుకాణం కన్న, కారణం చెప్పి కాదనే దుకాణమే మన ఇంటికి మేలు.