ఆట ఒకరిది – అరుగు ఒకరిది

పులిజూదం ఆడుకొనడానికి మన పల్లెలలో ఏనాడూ ఎవరి అనుమతీ అవసరం కాలేదు. అరుగు మీద సుద్దముక్కతో గీతలు గీసి, గులకరాళ్లను పులులుగా, చింతపిక్కలను మేకలుగా భావించి ఆడేవారు. ప్రాచీన దేవాలయాల మండపాలలో నేలరాళ్ల మీద చెక్కిన ఆటగళ్లు నేటికీ కనిపిస్తాయి. వామనగుంటలకైతే నేలలో గుంటలు తవ్వుకొంటే చాలును. ఆటా, ఆట నియమాలూ, ఆట జరిగే తావూ ఆడేవారి చేతిలోనే ఉండేవి.

కంప్యూటర్ ఆట విషయంలో ఇవి విడిపోయాయి. ఆటను ఒక సంస్థ రూపొందిస్తుంది. ఆ ఆట నిలిచే అరుగు, అనగా ఆపరేటింగ్ సిస్టం, సాధారణంగా మరొక సంస్థ సొత్తు. ఆడేవాడు ఇద్దరికీ రుసుము చెల్లించే అతిథి మాత్రమే. ఈ స్థితి నచ్చక, అరుగైనా తనదై ఉండాలని కోరుకొనే ఆటగాళ్లు కొందరున్నారు. లినక్స్ మీద వీడియో గేములు ఆడేవారు ఆ కోవకు చెందినవారు. సంఖ్యలో అల్పులైనా వారి అభిప్రాయాలు తెలుసుకొనదగినవి.

ఫిన్‌లాండ్ దేశంలోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో, తన ఇరవై ఒకటవ ఏట, లినక్స్ కెర్నల్‌ను రచించి లోకానికి వెల్లడించాడు. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టంకు గర్భగృహం వంటిది. యంత్రభాగాలకూ, వాటిని వాడుకొనే ప్రోగ్రాములకూ నడుమ ఉండి సమస్త వ్యవహారాన్నీ నడిపేది అదే. దాని మూలరచనను, అనగా సోర్స్ కోడ్‌ను, ఎవరైనా చదువవచ్చు, మార్చవచ్చు, ఇతరులకు పంచవచ్చు. ఇటువంటి సాఫ్ట్‌వేర్‌కు ఆంగ్లంలో ‘ఫ్రీ’ అనే మాటను వాడడం వలన గొప్ప గందరగోళం ఏర్పడింది. వెల లేనిదానికీ, బంధం లేనిదానికీ వారికి ఒకే మాట. తెలుగువారికి ఈ చిక్కు లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. లినక్స్ ఆధారిత వ్యవస్థను తెలుగులో అందించడానికి కృషి చేసిన హైదరాబాదు సంస్థ ‘స్వేచ్ఛ’ అనే పేరు పెట్టుకొనడం సముచితంగా ఉంది.

అయితే స్వేచ్ఛ ఉన్నచోట ఆటలు లేవు. ‘డూమ్’ వంటి ప్రసిద్ధమైన ఆట 1994లోనే లినక్స్ మీదికి వచ్చిన మాట నిజమే కాని, అటువంటివి అరుదు. మైక్రోసాఫ్ట్ సంస్థ 1995లో డైరెక్ట్ ఎక్స్ అనే సాధనసముదాయాన్ని ఆటల రచయితలకు అందించింది. తెర మీద బొమ్మ గీయమని, శబ్దం వినిపించమని ఆట కోరే కోరికలన్నీ ఆ భాషలోనే సాగడం మొదలైంది. ఆ భాష విండోస్‌కు తప్ప వేరొక వ్యవస్థకు తెలియదు. కావున విండోస్ కోసం వ్రాసిన ఆటను లినక్స్ మీదికి తేవాలంటే చాలా భాగం తిరగవ్రాయవలసి వచ్చేది.

ఆ పనిని వృత్తిగా స్వీకరించిన లోకి సాఫ్ట్‌వేర్ అనే అమెరికా సంస్థ 1998లో ప్రారంభమై, అనేక ఆటలను శ్రమించి లినక్స్‌కు తెచ్చి, 2002 ఆరంభంలో మూతపడింది. ఆ ఆటలు విండోస్ మీద వెలువడిన కొన్ని నెలలకు గాని లినక్స్ మీదికి వచ్చేవి కావు. ఆసక్తి గలవాడు అంతకాలం ఆగడు. అతని కంప్యూటర్‌లో విండోస్ కూడా ఉండనే ఉండేది.

ఆటను తిరగవ్రాయడానికి మారుగా, ఆటకూ వ్యవస్థకూ నడుమ ఒక దుబాసీని నిలపడం రెండవ మార్గం. 1993లో మొదలైన వైన్ అనే ప్రాజెక్టు ఆ దారి పట్టింది. విండోస్ ఆటలోని ఆజ్ఞలను రెండు విధాలుగా విభజించవచ్చు. కూడికలు, తీసివేతలు, పోలికలు మొదలైనవి నేరుగా ప్రాసెసర్‌కు చెప్పేవి. విండోస్ నడిచినా, లినక్స్ నడిచినా ప్రాసెసర్ ఒక్కటే కనుక వీటికి అనువాదం అక్కరలేదు. ఫైలు తెరువుము, కిటికీ చూపుము, బొమ్మ గీయుము వంటివి ఆపరేటింగ్ సిస్టంకు చేసే విన్నపాలు. విండోస్‌ను ఉద్దేశించిన ఆ విన్నపాన్ని వైన్ అందుకొని, లినక్స్‌కు తెలిసిన మాటలలో వినిపించి, వచ్చిన జవాబును తిరిగి విండోస్ పలుకుబడిలో ఆటకు అందజేస్తుంది. తాను పరాయి అరుగు మీద ఉన్నానని ఆటకు తెలియనే తెలియదు. ఒక యంత్రం పూర్తిగా మరొక యంత్రం వేషం కట్టడం ఎమ్యులేటర్ లక్షణం. వైన్ ఆ పని చేయదు. తాను ఎమ్యులేటర్‌ను కానన్న సంగతిని అది తన ఆంగ్ల నామంలోనే చెప్పుకొన్నది. ఈ దుబాసీకి భాష పట్టుబడడానికి చాలాకాలం పట్టింది. వైన్ 1.0 వెలువడినది 2008లో, అనగా పదిహేనేళ్ల తరువాత. నాటి ఆటగాళ్లకు, ఆటకన్నా ఆటను నడిపించే ప్రయత్నమే పెద్ద ఆటగా పరిణమించిన సాయంకాలాలు ఎన్నో! కొందరికి అదే ఇష్టమైన ఆట కావడం వేరే విషయం.

ఆటలను విక్రయించే స్టీమ్ అంగడికి అధిపతి అయిన వాల్వ్ సంస్థ ప్రవేశంతో పరిస్థితి మారింది. దాని స్థాపకులలో ఒకడైన గేబ్ న్యూవెల్ పూర్వం మైక్రోసాఫ్ట్ ఉద్యోగి. విండోస్ 8లో మైక్రోసాఫ్ట్ తన సొంత అంగడిని తెరచినపుడు, 2012లో అతడు దానిని బహిరంగంగా విమర్శించాడు. అరుగు యజమానే దుకాణం పెడితే అరుగు మీది వర్తకునికి భయం కలగడం సహజం. వాల్వ్‌కు లినక్స్ పట్ల కలిగిన ప్రేమలో ఈ భయం పాలు తక్కువేమీ కాదు. స్టీమ్ 2013లో లినక్స్‌కు వచ్చింది. 2015లో లినక్స్‌తో పనిచేసే స్టీమ్ మెషీన్లు విపణిలోకి వచ్చి విఫలమైనాయి. ఆడదగినన్ని ఆటలు లేని యంత్రాన్ని ఎవరు కొంటారు?

కొరత తీర్చినవారిలో ఒక సామాన్య ఆటగాడు ఉండడం ఈ కథలో ముచ్చటైన ఘట్టం. ‘నియర్: ఆటోమాటా’ అనే జపాన్ ఆటను లినక్స్ మీద ఆడాలని ఒక యువ ప్రోగ్రామర్‌కు కోరిక కలిగింది. వైన్ ఆ ఆటను సరిగా చూపలేకపోయింది. అతడు 2017లో తానే పూనుకొని, డైరెక్ట్ ఎక్స్ చిత్రలేఖన ఆజ్ఞలను వల్కన్ అనే ఆధునిక సార్వజనిక భాషలోకి మార్చే డి.ఎక్స్.వి.కె. అనే సాధనాన్ని రచించాడు. వాల్వ్ అతని కృషిని ప్రోత్సహించి, ఆ సాధనాన్నీ వైన్‌నూ జోడించి, 2018 ఆగస్టులో ప్రోటాన్ అనే పేరుతో విడుదల చేసింది. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి యంత్రంలోనూ ఇదే ఉంది. ‘ఎల్డెన్ రింగ్’ ఆట విండోస్ మీద తొలినాళ్లలో ఆగి ఆగి నడిచినపుడు, వాల్వ్ ఇంజనీర్లు ప్రోటాన్‌లోనే మార్పులు చేసి డెక్ మీద ఆ తడబాటును తగ్గించారు. దుబాసీ నోట మాట మూలవక్త నోటికన్నా సాఫీగా వచ్చిందన్నమాట. స్టీమ్ వాడుకదారులలో లినక్స్‌వారు 2025లో నూటికి ముగ్గురు నలుగురికి మించలేదు కాని, వారు ఆడగల ఆటల సంఖ్య మాత్రం వేలకు పెరిగింది.

వారి వాదనలలో అన్నిటికన్నా బలమైనది యంత్రం మన్నికకు సంబంధించినది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 కోరే భద్రతా చిప్పు, కొత్త ప్రాసెసరు లేని కంప్యూటర్లు చక్కగా పనిచేస్తున్నా అనర్హమైనాయి. లినక్స్‌కు అటువంటి పట్టింపు లేదు. లైసెన్సు ఖర్చు లేదన్న వాదన కూడా ఉంది గాని, దొంగప్రతికి అలవాటుపడినవానికి అది రుచించదు.

ప్రోటాన్ విషయంలో లినక్స్ ఆటగాళ్లకు ఏకాభిప్రాయం లేదు. లినక్స్ చిహ్నమైన పెంగ్విన్ పేరు టక్స్. టక్స్ కోసం ప్రత్యేకంగా వ్రాయని ఆటకు పైసా ఇవ్వరాదని ఒక వర్గంవారు దీక్ష పట్టారు. అనువాదం ఇంత బాగా సాగితే ఇక లినక్స్ కోసం ఎవరు శ్రమిస్తారని వారి ప్రశ్న. ఐ.బి.యం. వారి ఓ.ఎస్./2 విండోస్ ప్రోగ్రాములను నడపగలిగినందువల్లనే దానికి సొంత ప్రోగ్రాములు కరవైనాయని వారు ఉదాహరణ చూపుతారు. ఆ భయం నిరాధారం కాదు. అయితే శ్రద్ధ లేక వదలివేసిన లినక్స్ ప్రతికన్నా ప్రోటాన్ ద్వారా నడిచే విండోస్ ప్రతే మేలుగా ఉన్న సందర్భాలు అనేకం. ఆడేవానికి కావలసినది ఆట గాని వంశవృక్షం కాదు. రెండవ వర్గం మాటే లోకంలో చెల్లుబాటయింది.

అసలైన అడ్డుగోడ మరొకటి ఉంది. పలువురు కలిసి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలలో గోడల వెనుక ఉన్నవారిని చూడడం, గురి తప్పకుండా కాల్చడం వంటి మోసాలకు ప్రోగ్రాములు దొరుకుతాయి. వాటిని పట్టుకొనేందుకు యాంటీ చీట్ అనే కావలివాడు ఉంటాడు. కొందరు కావలివారు వాకిట నిలబడితే చాలదని, గర్భగృహం వంటి కెర్నల్‌లోనికే ప్రవేశం కోరుతారు. విండోస్ దానికి సమ్మతించింది. లినక్స్‌లో కెర్నల్‌ను ఆటగాడే మార్చుకొనగలడు గనుక అక్కడి సాక్ష్యాన్ని నమ్మలేమని ఆటల సంస్థల వాదన. ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’ 2024లో ఇటువంటి కావలిని ప్రవేశపెట్టడంతో లినక్స్‌వారికి దూరమైంది. ‘ఏపెక్స్ లెజెండ్స్’ అదే ఏడాది అక్టోబరు చివర, అంతవరకు తెరచి ఉంచిన తలుపును మూసింది. ఆట ఆడుతూ, అందుకోసం డబ్బు వెచ్చించినవారు కూడా ఒక్కనాటిలో బయట మిగిలారు.

వారి కోపానికి కారణముంది. విండోస్ మీద మోసాలు అంతరించాయా అని వారు అడుగుతారు. ఇంటి లోపలిగది తాళపుచెవి ఒక ఆటల కంపెనీకి ఇవ్వడం వివేకమా అనీ అడుగుతారు. 2024 జూలైలో క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ సాఫ్ట్‌వేర్ కెర్నల్ స్థాయిలో చేసిన ఒక్క పొరపాటుకు సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు స్తంభించాయి. అది ఆట సాఫ్ట్‌వేర్ కాకపోయినా ప్రమాదం ఆ గదిలోదే. అయితే రెండవ పక్షాన్నీ తోసిపుచ్చలేము. నిజాయితీగా ఆడి మోసగాని చేతిలో ఓడిపోయేవాడూ ఆటగాడే. కావలి తీసివేయమని అతనికి చెప్పడం సులభం కాదు. ఆటగాని ఏ స్వేచ్ఛను లినక్స్ గొప్పగా చెప్పుకొంటున్నదో, ఆ స్వేచ్ఛే ఇక్కడ అనుమానానికి హేతువైంది.

ఈ వివాదం తెగలేదు. ప్రస్తుతానికి చాలామంది ఒకే కంప్యూటర్‌లో రెండు అరుగులు వేసుకొన్నారు. మిత్రులందరూ ఆడే ఆ ఒక్క ఆట కోసం యంత్రాన్ని ఆపి, విండోస్‌లోనికి వెళ్లి, ఆట ముగిసిన వెంటనే మళ్లీ లినక్స్‌కు తిరిగి వస్తున్నారు.