తెల్ల ఎడారి, నల్ల కుక్క

దీపావళి వచ్చిందంటే సూరత్‌లో సాంచాలు, అదే మరమగ్గాలు, ఆగిపోతాయి. ఏడాది పొడుగునా లింబాయత్, ఉధనా గల్లీల్లో టకటకా మోగే చప్పుడు ఉన్నట్టుండి ఆగితే చెవులకు ఏదో వెలితి. ఆ వెలితి తీరేలోపే మా తెలుగువాళ్లలో సగం మంది సిరిసిల్లకో, కరీంనగర్‌కో, వరంగల్‌కో రైలెక్కేస్తారు. మిగిలిన మాలాంటివాళ్లకు పన్నెండు గంటల షిఫ్టుల బడలిక, ఇంట్లో టపాసులకు మంచం కింద నక్కే కుక్క. మా మోతీ నల్లటి వీధికుక్క. ఒక చెవి మడత.

ఓ దీపావళికి ముందు, మోతీని తీసుకుని కచ్ రణ్‌లో రెండు మూడు రోజులు డేరాలో ఉండి వస్తానన్నాను. గల్లీ గల్లీ అంతా సలహాలే. "గంత దూరం పోయి ఉప్పు సూసొస్తవా బిడ్డా? ఉప్పు కిరాణంల దొరకదా?" అన్నాడు పెద్దబాపు. ఆయనది వేళాకోళం. మిగతావాళ్లు చెప్పినవాటిలో చాలాభాగం పూర్తి నమ్మకంతో చెప్పిన తప్పులు. వాళ్లనేం అంటాను, అందులో సగం నేనూ నమ్మినవే.

"ఎడారంటే ఇసుకే కదా!"

సినిమాలు చూసి మనకు అలా నాటుకుపోయింది. ఇసుక తిన్నెలు కావాలంటే రాజస్థాన్‌లో జైసల్మేర్ వైపు వెళ్లాలి. సూరత్ నుంచి మనం వెళ్లే పెద్ద రణ్‌లో ఇసుక దిబ్బలుండవు, ఉండేది ఉప్పు. సంస్కృతంలో ఇరిణమంటే చవిటినేల. రణ్ అనే పేరు దాన్నుంచే వచ్చిందంటారు. సుమారు రెండు వేల ఏళ్ల కిందట గ్రీకు భాషలో రాసిన ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్ అనే నావికుల గ్రంథం ఈ ప్రాంతాన్ని 'ఐరినాన్' అంటుంది. అంటే అప్పటికి అది ఇంకా ఓడలవాళ్లు పట్టించుకోవాల్సిన చోటే. ఒకప్పుడు అరేబియా సముద్రపు పాయ అది. ఇప్పటికీ సముద్రమట్టానికి కాస్తంతే ఎత్తు.

వానాకాలంలో నైరుతి గాలులు సముద్రపు నీటిని లోపలికి నెడతాయి. పైనుంచి వాన. రాజస్థాన్ వైపు నుంచి, పేరులోనే లవణం దాచుకున్న లూనీ నది. వచ్చిన నీటికి పోయే దారి లేదు. నెలల తరబడి నిలిచి, ఎండి, ఉప్పు మిగులుతుంది.

ఈ సంగతి తెలిశాక నా దీపావళి ప్రయాణం కాస్తా ఉత్తరాయణానికి వాయిదా పడింది. వానలు బాగా పడిన ఏడాది దీపావళికి అక్కడ తెల్లదనం కంటే బురద ఎక్కువ. పైన ఎండిన పొరలా కనిపిస్తుంది, కింద మెత్తటి ఊబి. మనిషి కాలు మడమదాకా దిగే చోట ఉత్సాహంగా పరుగెత్తిన కుక్క పొట్టదాకా దిగుతుంది. డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా నేల గట్టిగా ఉంటుంది, ఎండ చంపదు. గాలిపటాల మాంజా గొడవ లేని సంక్రాంతి మోతీకి అదే మొదటిసారి.

"ఎడారి ఎవరి జాగా? ఎక్కడ పడితే అక్కడ డేరా వేసుకోవచ్చు"

ఎవరిదీ కాని జాగా మన దేశంలో ఎక్కడుంది! పెద్ద రణ్‌కు అవతల పాకిస్తాన్ సరిహద్దు. తెల్ల రణ్ చూడాలంటే భుజ్ నుంచి వెళ్లే దారిలో భిరండియారా దగ్గర గుర్తింపు కార్డు చూపి అనుమతి తీసుకోవాలి. అక్కడినుంచి ధోర్డో. 2023లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచిన ఊరది.

రణ్‌లో చాలా భాగం అభయారణ్యాల కింద ఉంది. పెద్ద రణ్‌లో కచ్ ఎడారి అభయారణ్యం దాదాపు 7,500 చదరపు కిలోమీటర్లు. చిన్న రణ్‌లో అడవి గాడిదల అభయారణ్యం దాదాపు 4,950. ఆ గాడిదను స్థానికులు ఘుడ్‌ఖర్ అంటారు. పెంపుడు కుక్కకు అక్కడ చోటు లేదు. "మాది కరవదండీ" అన్న మాట ఇక్కడ చెల్లదు, సమస్య కరవడం ఒక్కటే కాదు. 2018 సెప్టెంబరులో ఇదే గుజరాత్‌లోని గిర్‌లో కొద్ది వారాల్లోనే ఇరవైకి పైగా సింహాలు చనిపోయాయి. వాటిలో కొన్నిటికి కెనైన్ డిస్టెంపర్ వైరస్ సోకినట్టు పరీక్షల్లో తేలింది. పేరులోనే ఉంది కదా, అది కుక్కల జబ్బు. ఇక సూళ్లూరుపేట వాళ్లు పులికాట్‌లో చూసే ఫ్లెమింగోల జాతి, నీళ్లున్న ఏళ్లలో ఈ రణ్‌లోనే గూళ్లు కట్టి పిల్లల్ని చేస్తుంది. గూళ్ల దగ్గర ఒక్క కుక్క పరుగెత్తితే చాలు.

అందుకే మేం ఊరిని ఆనుకుని ఉన్న ఓ కుటుంబం పెరట్లో, అడిగి, డేరా వేసుకున్నాం. కుక్కను రానిచ్చే విషయంలో ఒక్కో చోట ఒక్కో పద్ధతి. బయల్దేరేముందే ఫోన్‌లో అడగాలి, టీకాల కాగితం చేతిలో ఉండాలి. ఆ పెరట్లో భుంగా ఉంది. గుండ్రటి మట్టిగోడ, పైన గడ్డి కప్పు. 2001 జనవరి 26 భూకంపంలో భుజ్‌లో కాంక్రీటు కూలితే, భుంగాలు చాలావరకు నిలబడ్డాయి. డేరా ఫొటోకు బాగుంటుంది. చలి కొరికే రాత్రి భుంగాయే నయం.

"ఒళ్లంతా బొచ్చుంది, దానికి చలేమిటి? ఎండకైతే గుండు కొట్టించెయ్"

ఒకే మనిషి ఒకే ఊపిరిలో చెప్పిన రెండు తప్పులివి. ఉప్పునేల మీద జనవరి పగలు చొక్కా చాలు, రాత్రి రెండు దుప్పట్లు చాలవు. కచ్‌లోనే ఉన్న నలియా గుజరాత్‌లో చలికి పేరు మోసిన ఊరు. కొన్ని రాత్రులు అక్కడ ఉష్ణోగ్రత అయిదు డిగ్రీల లోపుకు పడిపోతుంది. సూరత్ ఉక్కలో పెరిగిన పొట్టిబొచ్చు కుక్కకు ఆ చలికి తట్టుకునే ఒళ్లు ఉండదు. మోతీకి గోనెసంచి పరుపు, పైన పాత శాలువా వేశాం. అర్ధరాత్రి చూస్తే శాలువా కింద లేదు, నా రగ్గులో ఉంది.

ఇక గుండు సంగతి. కుక్కకు మనలా ఒంటినిండా చెమట పట్టదు, పట్టేది పాదాల కింద కొద్దిగా. అది చల్లబడేది నాలుక చాచి రొప్పడం వల్ల. నాలుక మీద, ఊపిరితిత్తుల దారిలో తడి ఆరుతూ వేడిని తీసుకుపోతుంది. అందుకే ముక్కు చప్పిడిగా ఉన్న పగ్ లాంటి కుక్కలకు వేడి ప్రాణం మీదికొస్తుంది, వాటిని ఇలాంటి చోటికి తేకపోవడమే మేలు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి రెండు పొరల బొచ్చున్నవాటికి ఆ బొచ్చు ఎండను అడ్డుకునే గొడుగు. గొరిగిస్తే చర్మం కాలుతుంది. దువ్వి రాలిన బొచ్చు తీస్తే చాలు.

నేను గమనించనిది ఇంకొకటుంది. సూరత్‌లో గాలే తడి కాబట్టి కుక్క ఎంత రొప్పినా తొందరగా చల్లబడదు. రణ్ పొడిగాలిలో తొందరగా చల్లబడుతుంది, కానీ ఆ చల్లదనానికి ఖర్చయ్యేది ఒంట్లో నీరు. హాయిగా ఉందనుకుంటూనే దాహానికి గురవుతుంది. మామూలు రోజున కిలో బరువుకు 50, 60 మిల్లీలీటర్లు సరిపోతాయి. అంటే ఇరవై కిలోల కుక్కకు లీటరు పైచిలుకు. తిరిగే రోజున దానికి రెట్టింపు పట్టుకెళ్లాలి. చుట్టూ నీళ్లలా మెరిసేదాన్ని నమ్ముకోకూడదు. ఎండమావి సంగతి మనకు తెలుసు, కుక్కకు తెలియదు.

"వడదెబ్బ తగిలిన కుక్క మీద చన్నీళ్లు పోస్తే చస్తుంది"

ఇది మా గల్లీలోనే కాదు, చదువుకున్నవాళ్ల నోటా వింటాం. ఈ భయంతో తడి గుడ్డ కప్పి ఆస్పత్రికి బయల్దేరతారు. దారిలో ఆ గుడ్డే వేడెక్కి ఆవిరిని లోపలే బంధిస్తుంది. కుక్క మామూలు ఉష్ణోగ్రత 38 నుంచి 39 డిగ్రీల చిల్లర. 41 దాటితే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. ఇప్పుడు పశువైద్యులు చెప్పేది ముందు చల్లార్చు, తర్వాత తీసుకెళ్లు అని. నీడకు చేర్చి, కుక్క ఒంటి కంటే చల్లగా ఉన్న ఏ నీళ్లయినా పోస్తూ, గాలి విసరాలి. ఆగకుండా రొప్పడం, చిక్కటి చొంగ, ఎర్రబారిన చిగుళ్లు, తూలుతూ నడవడం కనిపిస్తే ఆలోచించే సమయం కాదు.

కారులో ఒక్క పది నిమిషాలేగా, అద్దం కాస్త దించాం కదా అనేది దీనికి తోబుట్టువు. బయట చల్లగానే ఉన్నా ఎండలో మూసిన కారు చూస్తుండగానే పొయ్యవుతుంది. వేలెడు సందు దాన్ని ఆపదు.

"ఉప్పే కదా, నాకితే ఏమవుతుంది"

కాస్త నాకితే ఏమీ కాదు. సాయంత్రం దాకా తిరిగి, పాదాల మధ్య ఇరుక్కున్న ఉప్పునంతా రాత్రి కూర్చుని నాకితే వాంతులు. మోతాదు మరీ మించితే వణుకు, మూర్ఛ కూడా రావచ్చు. గట్టిపడిన ఉప్పు అంచులు పాదాలను గాజుపెంకుల్లా కోస్తాయి, ఆ కోతల్లోకి మళ్లీ ఉప్పే. చిన్న రణ్‌లో చలికాలం నుంచి ఎండాకాలం దాకా ఉప్పు పండించే అగరియాల కాళ్లు చూసినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. తిరిగి రాగానే మంచినీళ్లతో నాలుగు పాదాలూ కడిగి తుడవడమే మందు.

"కుక్కతో ఊరేగడం దొరల సోకు"

మహాప్రస్థానిక పర్వం తెలిసినవాళ్లు ఈ మాట అనకూడదు. పాండవులు చివరి ప్రయాణంలో వెంట కుక్కతోనే నడిచారు. దారిలో సముద్రంలో మునిగిన ద్వారకను చూశారు, అంటే ఈ గుజరాత్ తీరమే. హిమాలయం దాటాక, మేరువుకు ముందు వాళ్లు చూసింది వాలుకార్ణవం, ఇసుక సముద్రం. ఎడారి దాకా కుక్కతో నడిచిన మన పూర్వీకుల కథ ఇంతకంటే పాతది ఎక్కడుంది? కాకపోతే ఆ కుక్క స్వర్గానికి వెళ్లిందనుకోవడం ఇంకో అపోహ. అది ధర్మరాజును పరీక్షించడానికి ఆ రూపంలో వచ్చిన యమధర్ముడు.

ధర్మరాజుకు టికెట్టు గొడవ లేదు. మనకు రైల్లో కుక్కను ఒళ్లో కూర్చోబెట్టుకునే వీలుండదు. ఫస్ట్ ఏసీలో కూపేనో క్యాబినో మొత్తం మనమే తీసుకోవాలి, లేదంటే అది లగేజీ వ్యానులోని డాగ్ బాక్సులో. మేం కారులోనే వెళ్లాం. వడోదర, అహ్మదాబాద్, భచావు మీదుగా భుజ్‌కు దాదాపు ఆరువందల కిలోమీటర్లు, అక్కడినుంచి ధోర్డోకు ఎనభై పైన. ఒక్క రోజులో కొట్టేయాలనుకుంటే దాన్ని విశ్రాంతి అనకండి.

"ఒక్క రాత్రి చాలు, ఫుల్ చార్జ్"

మనిషి ఫోను కాదు. 2016లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక సంగతి చూపించారు. కొత్త చోట మొదటి రాత్రి గాఢనిద్రలో కూడా మెదడు ఎడమవైపు కాస్త మెలకువగా ఉంటుందట, కాపలా కాస్తున్నట్టు. ఒక్క రాత్రికి వెళ్లి వచ్చినవాడు కాపలా కాసి వచ్చినట్టే.

కుక్క గురించి నాకెవరూ చెప్పలేదు, మోతీయే చూపించింది. ఇంట్లో పగలు సగం పడుకునే కుక్క, అక్కడ మొదటి రోజంతా ముక్కు నేలకానించి తిరుగుతూనే ఉంది. నక్క వాసన, గేదె వాసన, చుట్టూ ఉన్న బన్నీ మైదానపు గడ్డి వాసన. రెండో రోజు మధ్యాహ్నం భుంగా నీడలో వెల్లకిలా పడింది. దాన్ని లేపడం ఇష్టంలేక నేనూ కదల్లేదు. సూర్యాస్తమయం చూడ్డానికి వెళ్లాల్సినవాణ్ణి వెళ్లలేదు. ఆ ప్రయాణంలో నా ఒళ్లు తేలికపడింది ఆ మధ్యాహ్నమే.

"కుక్క మోరెత్తి ఏడిస్తే ఎవరో పోతారు"

సూరత్‌వాళ్లకు ఈ భయం ఇంకాస్త ఎక్కువ. ఇనుప ఖనిజం కలిసి నల్లబడిన డుమస్ బీచ్ ఇసుక మీద రాత్రిళ్లు కుక్కలు కనబడనివాటిని చూసి మొరుగుతాయని కథలు. రణ్ దగ్గరికొస్తే బన్నీలో చీకట్లో తిరిగే చీర్ బత్తీ అనే దీపాల కథలు. ఆ రెండో రాత్రి దూరంగా నక్కలు ఊళ వేశాయి. మోతీ లేచి కూర్చుని, మోరెత్తి, సాగదీసి జవాబిచ్చింది. ఊళ అంటే దూరంగా ఉన్నవాళ్లతో మాట. ఇంటి దగ్గరైతే చెప్పు పడేది.

ఆ నక్కలకు అక్కడ మర్యాద వేరు. కాలో డుంగర్ అనే కొండ మీది దత్తాత్రేయ గుళ్లో పూజారి రోజూ ప్రసాదం పెట్టి "లోంగ్, లోంగ్" అని పిలుస్తాడు, నక్కలొచ్చి తింటాయి. ఆకలితో వచ్చిన నక్కలకు దత్తాత్రేయుడు తన ఒంటినే ఇచ్చి "లే అంగ్" అన్నాడని కథ. ఆ మాటే లోంగ్ అయిందట. మోతీని కారులోనే, మా తమ్ముణ్ణి తోడుంచి వదిలి, నేనొక్కణ్ణే చూసొచ్చాను.

ఊరొచ్చాక పెద్దబాపుకు జేబులోంచి ఉప్పుగడ్డ తీసిచ్చాను. కొంచెం గిల్లి నాలుక మీద వేసుకున్నాడు. "చేదుంది బిడ్డా. కిరాణంలదే నయం," అన్నాడు. గడపలో పడుకున్న మోతీని దాటుకుని లోపలికి పోయాడు, తొక్కకుండా.