చొక్కా తొడగని నక్కలు

భద్రాచలానికి 35 కిలోమీటర్ల దూరంలోని పర్ణశాలలో రామకథను బొమ్మలుగా నిలబెట్టారు. అందులో మాయలేడి ఉంది. లేడిని చెయ్యడం కష్టం కాదు, మారీచుణ్ణి చెయ్యడమే కష్టం. లోపలున్నది రాక్షసుడని తెలియడానికి ఒక్క కోర పెట్టినా కథ అక్కడే తెగిపోతుంది, ఆ కోర సీతకూ కనిపిస్తుంది కాబట్టి. అది అచ్చంగా లేడే కావాలి. భద్రాచలం దగ్గరి ఏటపాకకు వస్తే చిక్కు తిరగబడుతుంది. జటాయువు రావణుణ్ణి అడ్డుకున్నది అక్కడేనని ఈ ప్రాంతపు నమ్మకం. ఈ పక్షి మాట్లాడాలి, రాముడికి సీత జాడ చెప్పాలి, అయినా రెక్క రెక్కగానే ఉండాలి. అది చెయ్యిలా మారిపోతే, తెగినప్పుడు కూలిపోవడానికి కారణమే ఉండదు. జంతువులు మాట్లాడే బొమ్మల కథల్లో చిత్రకారుడి పనంతా ఈ రెండు చిక్కుల మధ్యే నడుస్తుంది. ఆ పనిని మనం పిల్లల కాలక్షేపం కింద జమకట్టేశాం. దాన్ని కథాజ్ఞానంగా చూడాలంటాను.

పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికను అచ్చువేసినప్పుడు నక్క మాట్లాడిందని రాస్తే సరిపోయింది. అది నిలబడి మాట్లాడిందా, కూర్చునా, ఒంటిమీద ఏమైనా ఉందా అని పాఠకుడు అడగడు. గీసేవాడికి ఆ వెసులుబాటు లేదు. 1960లలో ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియాలో పంచతంత్రాన్ని బొమ్మల కథగా నడిపిన బుజ్జాయి ఆ ప్రశ్నలన్నిటికీ గీతతోనే జవాబు చెప్పాల్సి వచ్చింది. అసలు పేరు దేవులపల్లి సుబ్బరాయశాస్త్రి, కవి కృష్ణశాస్త్రిగారి అబ్బాయి. 1931లో పుట్టి 2022లో పోయారు. డుంబు బొమ్మలతో తెలుగువాళ్లకు దగ్గరైన ఈయన, అమర్ చిత్ర కథ ఇంకా నిలదొక్కుకోకముందే మన నక్కలనూ కాకులనూ దేశమంతా చదివే వారపత్రికలోకి తీసుకెళ్లారు. అయినా ఆయన పేరు ఎత్తగానే మొదట తండ్రిగారి పేరే గుర్తుకు రావడం మనకు అలవాటు.

హంసలూ తాబేలూ కథనే తీసుకోండి. రెండు హంసలు కర్రను చెరో చివరా ముక్కున పట్టుకుంటాయి, నడుమ తాబేలు నోటితో కరుచుకుంటుంది. బొమ్మల కథలో మాట చెప్పాలంటే నోటి పక్కన మాటల బుడగ పెట్టాలి. ఇక్కడ మూడు నోళ్లూ కర్రకే అంకితం. కింద ఊరి జనం ఎన్ని బుడగలైనా నింపొచ్చు, ఆకాశంలో ఉన్నవాటికి ఒక్కటీ కుదరదు. తాబేలు పక్కన బుడగ పడిందంటే దాని పని అయిపోయినట్టే. కథను నడిపేది ముక్కూ నోరూ బరువూ. వల కొరికే ఎలుకకు పళ్లు, వలతో సహా ఎగిరే పావురాలకు రెక్కలు, మొసలి వీపెక్కిన కోతికి ఈత రాకపోవడం, అంతా ఒంటి తీరే. 1934లో తెరమీదికి వచ్చిన డోనాల్డ్ డక్‌కు నావికుడి చొక్కా తొడిగారు. రెక్కలు చేతుల పని చేస్తాయి, చాలా కథల్లో అది బాతు కాకపోయినా నడుస్తుంది. తక్కువరకమని కాదు, అది వేరే ఆట. 1913లో జార్జ్ హెరిమన్ మొదలుపెట్టిన క్రేజీ క్యాట్‌లో ఎలుక పిల్లిమీద ఇటుక విసరడంలోని తమాషా అంతా వాటి జాతివైరం తెలిసినవాడికే అందుతుంది.

మన చందమామను బొమ్మల కథ అనొచ్చా, అందులో బుడగలేవీ లేవు కదా అంటారు కొందరు. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికలో చిత్ర, శంకర్ గీసిన బొమ్మలు కథ పక్కన కూర్చున్నవే, నిజం. కానీ మాట బొమ్మ బయట ఉండడం మనకు పాత పద్ధతి. భద్రాచలం అడవి అంచున కోయల వంశకథలు పాడే డోలీ కళాకారులు మూడు మూలల గుడ్డ పడిగెను చూపిస్తూ కథ చెబుతారు. బొమ్మ మౌనంగా ఉంటుంది, గొంతు గాయకుడిది. 2022లో పద్మశ్రీ అందుకున్న మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య ఆ గొంతులకు అందరికీ తెలిసిన పేరు. బుడగను కొలబద్దగా పెట్టుకుంటే పడిగెనూ పక్కన పెట్టాలి.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఒకటుంది. నక్క జిత్తులమారి, గాడిద మొద్దు అని ముద్రలు వేసే కథలకు బొమ్మలు కూడా తోడైతే ఆ ముద్రలు చెరగవు. అడవి జంతువును తమ పొరుగుగా చూసేవాళ్లకు అది నింద. ఇందులో సగం ఒప్పుకోవాల్సిందే. కాని పంచతంత్రంలోని మిత్రభేదంలో కరటకుడూ దమనకుడూ ఇద్దరూ నక్కలే. ఒకటి వెనుకా ముందూ చూస్తుంది, మరొకటి రాజుగారి కొలువు కోసం ఎంతకైనా తెగిస్తుంది. జాతి ఒక్కటే, బుద్ధులు రెండు. చొక్కాలు తొడిగితే చెరో రంగూ వేసి గట్టెక్కొచ్చు. తొడగకపోతే చెవుల నిక్కులో, తోక వాలులో, మెడ వంపులో ఆ తేడా పట్టాలి. ఇక పింగళకుడు. వర్ధమానుడనే వర్తకుడు దారిలో వదిలేసి పోతే అడవిలో మేసి బలిసిన సంజీవకుడనే ఎద్దు రంకెకు బెదిరిన సింహమది. ఇక్కడి కిన్నెరసాని అడవుల వైపు అడవిదున్నలూ ఎలుగులూ ఉన్నాయి గానీ సింహాలు లేవు. గీసేవాడు కూడా చూడనిదాన్ని ఊహించుకోవాలి. సింహం పిల్లిలా ముడుచుకుంటే నవ్వొస్తుంది, నిటారుగా ఉంటే భయం తెలియదు. జూలు చెదరకుండా, నీటికి వంగిన తల మధ్యలోనే ఆగిపోయేలా గీయగలిగితే, ఆ పక్క బొమ్మలో దమనకుడు ఎందుకు చెవులు రిక్కించాడో చెప్పనక్కరలేదు.